ఇష్యూ రిజిస్టర్ రాసినవాడు

మన స్కూల్ పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి "టీనేజ్ పిల్లలకు చదవడం వల్ల లాభాలేంటో ఒక రెండు పేజీలు రాయి" అనగానే నవ్వొచ్చింది. ఎనిమిదో తరగతిలో నన్ను చూసినవాళ్లకీ నవ్వొస్తుంది. లైబ్రరీ పీరియడ్‌లో వెనక బెంచీ మీద హాయిగా నిద్రపోయిన చరిత్ర నాది.

నన్ను లైబ్రరీకి దగ్గర చేసింది చేతిరాత. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని లైబ్రరీ మేడం ఇష్యూ రిజిస్టర్ నాకు అప్పగించారు. తేదీ, విద్యార్థి పేరు, సెక్షన్, పుస్తకం నంబరు, పుస్తకం పేరు, తిరిగి ఇచ్చిన తేదీ. ఏడాది పాటు అవే గళ్లు నింపాను. కొన్ని వందల పుస్తకాల పేర్లు రాసుంటాను, ఒక్కటీ తెరవలేదు.

కానీ రిజిస్టర్ రాసేవాడికి ఒక సుఖం ఉంది. ఎవరేం చదువుతున్నారో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. లెక్కల్లో ఏనాడూ గట్టెక్కని ఒకడు ఉండేవాడు (పేరు రాయను, చదివితే వాడికే తెలుస్తుంది). 793 వరసలో ఉన్న గారడీ పుస్తకాలన్నీ తీసుకెళ్లాడు. అవి అయిపోయాక 520కి, అంటే ఖగోళానికి దిగాడు. పుస్తకాలను విషయాల వారీగా సర్దడానికి అమెరికా లైబ్రేరియన్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ నంబర్లు ఇవి. 500 సైన్సు, 796 ఆటలు, 800 సాహిత్యం. ఎక్కాలకంటే ఇవే నాకు బాగా వచ్చు. గారడీకీ నక్షత్రాలకీ ఏం సంబంధంరా అని అడిగితే, "రెండూ ఒకటే. నీకు కనిపించేది అక్కడ ఉండదు" అన్నాడు. నక్షత్రం వెలుగు మనదాకా వచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయని నాకు మొదట తెలిసింది సైన్సు క్లాసులో కాదు, వాడి దగ్గర.

మేడం గారి రూల్ ఒకటే. యాభై పేజీలు చదివాక నచ్చకపోతే తెచ్చి ఇచ్చెయ్యొచ్చు, ఎందుకని అడగరు. సారాంశం రాసుకురమ్మనరు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉంటారని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన సూత్రాలు బీరువా తలుపు మీద అంటించి ఉండేవి. మిగతా స్కూల్లో ఈ సూత్రాలేవీ చెల్లేవి కాదనుకోండి. పాఠం పుస్తకం చాటున కథల పుస్తకం దొరికితే చెవి మెలిపడేది.

తొమ్మిదిలో ఒకరోజు మేడం, "ఇన్ని పేర్లు రాశావు. ఒక్కదాని లోపల ఏముందో చూడాలనిపించలేదా?" అన్నారు. తిట్టలేదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు. ఓ పల్చటి నవల చేతిలో పెట్టారు. సరిగ్గా యాభై ఒకటో పేజీ దగ్గర తెచ్చి ఇచ్చేశాను. రెండోది ఇరవైకే తెచ్చాను. "ఇంకా యాభై కాలేదుగా" అంటూనే తీసుకున్నారు. మూడోది మాత్రం వదల్లేదు.

అందులో ఇద్దరు స్నేహితులు. ఒకడు ముందుకెళ్లిపోతాడు, రెండోవాడు వాడికి పొగరెక్కిందని ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. అప్పటికి రెండు నెలలుగా నేను నా ప్రాణస్నేహితుడితో మాట్లాడటం లేదు. వాడు స్కూల్ టీమ్‌కి సెలెక్టయ్యాడు, నేను కాలేదు. "వాడికి పొగరు" అని నేనూ అందరితో అన్నాను, అవే మాటలు. నాలో ఉన్నది కోపం కాదని, కుళ్లు అని ఆ రాత్రే తెలిసింది. అదే మాట ఇంట్లోవాళ్లు అని ఉంటే పోట్లాడేవాణ్ని. పుస్తకం నా ముఖంలోకి చూడలేదు కాబట్టి ఒప్పుకున్నాను. మర్నాడు వాడి దగ్గరకెళ్లి క్షమాపణలేమీ చెప్పలేదు. హోంవర్క్ ఏంటని అడిగాను. వాడు చెప్పాడు.

ఆ వయసులో మన దగ్గర లోపలి సంగతులకు మూడే మాటలుండేవి: కోపం, బోర్, టెన్షన్. సిగ్గుపడ్డా టెన్షనే, దిగులేసినా టెన్షనే. 1988లో హేస్, ఆరెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషులో ఒక లెక్క వేశారు. పిల్లల పుస్తకాల్లో ప్రతి వెయ్యి మాటలకు అరుదైనవి దాదాపు 31 ఉంటే, కాలేజీ చదువులు చదివిన పెద్దల మాటల్లో 17 దాకానే ఉన్నాయట. పెద్దవాళ్ల కబుర్లలో దొరకని మాటలు పిల్లల పుస్తకాల్లో దొరుకుతున్నాయన్నమాట. భాష ఏదైనా, మాట్లాడేటప్పుడు ఉన్న మాటలతోనే సర్దుకుపోతాం.

మార్కులు పెరుగుతాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. పదిహేనేళ్ల పిల్లలకు ఓఈసీడీ అనే దేశాల కూటమి పెట్టే పీసా అనే అంతర్జాతీయ పరీక్షల్లో, సరదాకి చదివేవాళ్లకు ఎక్కువ మార్కులు వస్తున్న మాట నిజమే. 2009లో 37 శాతం మంది సరదాకి అసలు చదవమనే చెప్పారు. అయితే చదవడం వల్ల మార్కులొస్తున్నాయో, బాగా చదవగలిగేవాళ్లకే చదవాలనిపిస్తుందో విడదీయడం కష్టం. రెండూ ఒకదాన్నొకటి తోస్తాయని నా నమ్మకం. ఇంకో మాట కూడా వింటుంటాం, కథలు చదివితే ఎదుటివాళ్ల మనసు తెలుస్తుందని. కొద్ది పేజీలు చదివినా ఆ తేడా కనిపిస్తుందని 2013లో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. నాకే సగం నవల పట్టింది, దానికి ముందు రెండు నెలల మూగనోము.

నిద్ర సంగతి కూడా చెప్పేస్తాను, సంచికలో పిల్లలు చదువుతారు కాబట్టి. పడుకునే ముందు వెలిగే తెర మీద చదివితే నిద్ర ఆలస్యమవుతుందని 2015లో ఒక చిన్న ప్రయోగంలో తేలింది. రాత్రిపూటకి కాగితం పుస్తకమే నయం.

పోయిన గెట్ టుగెదర్‌కి మన గారడీవాడు తొమ్మిదో తరగతి కూతుర్ని తీసుకొచ్చాడు. "చదవడం బోర్ అంకుల్" అంది. ఏది బోర్ కాదమ్మా అంటే "ఫుట్‌బాల్" అంది. లైబ్రరీ గదికి తీసుకెళ్లాను. 796 వరస ఇంకా కిటికీ పక్కనే ఉంది. మేడం కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మొదటి పుస్తకాన్ని ఆ అమ్మాయి అరగంటలో తెచ్చి బల్ల మీద పెట్టేసింది. వాళ్ల నాన్న "ఎందుకు..." అని మొదలుపెట్టబోతే కాలు తొక్కాను. రెండోది తీసి అటూ ఇటూ తిప్పి, ఇంటికి తీసుకెళ్లొచ్చా అని అడిగింది. మేడం రిజిస్టర్ నా వైపు జరిపారు.