ధూళికట్టలో పెద్దబాపుతో ఒక పూట

పెద్దపల్లి జిల్లా ధూళికట్టలోని బౌద్ధ స్తూపం చూడాలంటే వరంగల్ దిక్కు వాళ్లకు రైలే సుఖం. కాజీపేటలో ఎక్కి పెద్దపల్లిలో దిగితే అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. పెద్దబాపు గోదావరిఖని నుంచి ముందే వచ్చి స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. ఆయన సింగరేణి బాయి పని చేసి రిటైరైన మనిషి. పోతే ఆయనతోనే పోవాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. స్తూపం గురించి పుస్తకంలో చదువుకోవచ్చు. బౌద్ధుల ఐదు నియమాలైన పంచశీలను ఇంట్లో, పనిలో, దావతుల్లో ఎట్లా నిలుపుకుంటారో పాటించే మనిషి చెబితేనే తెలుస్తుంది.

దారి పొడవునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. స్తూపం ఉన్న హుస్సేన్ మియా వాగు దగ్గరికి చేరేసరికి ఎండ ఎక్కింది.

1970లలో వి.వి.కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపాకే ఈ స్తూపం లోకానికి తెలిసింది. శాతవాహనుల కాలం నాటిది. గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పిన ఆంధ్రుల ముప్ఫై కోట నగరాల్లో ధూళికట్ట ఒకటని చరిత్రకారుల అంచనా. నాకు మాత్రం ఇక్కడి సున్నపురాయి చెక్కడాల్లో ముచలింద నాగుడే అన్నిటికన్నా గొప్పగా తోచాడు. జ్ఞానోదయం తర్వాత ఏడు రోజులు ఎడతెగని వాన పడితే, ఈ నాగరాజు బుద్ధుడిని ఏడు చుట్లు చుట్టుకుని, తలపైన పడగ పట్టాడని కథ. అయితే ఇక్కడ బుద్ధుడి రూపం కనిపించదు. ఆ రోజుల్లో శిల్పులు ఆయన్ని మనిషిగా చెక్కేవాళ్లు కాదు, గుర్తులతోనే చూపేవాళ్లు. మెలికలు తిరిగిన ఒళ్లు, పైన విప్పిన పడగలు. ఆ రాయి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

పెద్దబాపు చెప్పులు విడిచి, చేతులు జోడించి, "బుద్ధం సరణం గచ్ఛామి" అని మొదలుపెట్టాడు. బుద్ధుడు, ధర్మం, సంఘం శరణు అనే త్రిశరణం మూడుసార్లు, తర్వాత పంచశీల, అంతా పాలీలోనే. కొబ్బరికాయ లేదు, కర్పూరం లేదు. ఇంట్లో కూడా రోజూ పొద్దున ఇంతేనట. అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్నప్పుడు లక్షల మంది పలికిన మాటలివి.

"దేవుడు పెట్టిన కట్టుబాటు కాదు బిడ్డా. నాకు నేను తీసుకున్న. తప్పితే రేపు పొద్దున మళ్ల తీసుకుంట" అన్నాడు.

అన్నిటికన్నా కష్టమైంది ఏదని అడిగాను. ఐదోది, మత్తు ముట్టకపోవడం అన్నాడు. మన దిక్కు పెండ్లికైనా చావుకైనా మందు లేనిది పని నడవదు కదా. షిఫ్టు దిగినంక తోటివాళ్లు కల్లుకు పిలిస్తే కొన్నాళ్లు తప్పించుకు తిరిగాడట. అది సరి కాదనిపించి తర్వాత పోవడం మొదలుపెట్టాడు. వాళ్ల పక్కనే కూర్చుని, అన్నం తిని, ముచ్చట పెట్టి లేచి వచ్చేవాడు. "మందు వద్దన్న గని దోస్తును వద్దనలే" అన్నాడు. మాంసం పూర్తిగా మానలేదు కానీ తన కోసం యాటను కోయనివ్వడు. చూసి, విని, లేదా అనుమానం ఉండి కూడా తమ కోసం చంపినదాన్ని తినవద్దని బుద్ధుడు భిక్షువులకు పెట్టిన నియమాన్నే ఆయన తన ఇంటికి తెచ్చుకున్నాడు. అబద్ధమాడొద్దనే నాలుగో శీలం ఆయనకు సొంత చుట్టాన్నే దూరం చేసింది. భూమి పంచాయితీలో అబద్ధపు సాక్ష్యం చెప్పనన్నందుకు చాలా రోజులు మాటలు బంద్ అయ్యాయి.

నీడకు కూర్చున్నాక బావరి సంగతి ఎత్తాడు. పాలీ బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలో అస్సక దేశాన గోదావరి ఒడ్డున ఉన్న ముసలి బ్రాహ్మణుడాయన. నిర్మల్ జిల్లా బాదనకుర్తి దగ్గర ఉండేవాడని కొందరంటారు. తను కదలలేక పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లలో అజితుడు, లోకంలో అన్ని దిక్కులా పారే ప్రవాహాలకు అడ్డుకట్ట ఏదని అడిగితే, ఎరుకే అని జవాబు వచ్చింది. మన గోదావరి గడ్డ నుంచి పోయిన మనిషి బుద్ధుడిని అడిగిన ప్రశ్న ఇది! మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? బడిలో చెప్పాల్సిన కథ ఇది.

వాపసు వచ్చేటప్పుడు, అప్పటిదాకా నోరు మెదపని ఆటో తమ్ముడు అడిగాడు: "ఐదూ ఒక్కసారే పట్టాల్నా పెద్దాయనా?"

"ఒక్కటి పట్టు. ఏది నిన్ను ఎక్కువ సతాయిస్తదో అది."

రైల్వే గేటు పడి ఆటో ఆగింది. అతను ఫోన్ తీసి, ఆ ఐదో వాక్యాన్ని పెద్దబాపుతో నెమ్మదిగా రెండుసార్లు చెప్పించుకుని రికార్డు చేసుకున్నాడు.