రాయగడలో మైలోమాతో: రిపోర్టుల నోటుబుక్కు (నా అనుభవం)

మల్టిపుల్ మైలోమా ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్. చేతికి తగిలే గడ్డ సాధారణంగా ఉండదు. మందు పనిచేస్తోందా లేదా అన్నది చాలావరకు రక్తపరీక్షల అంకెల్లోనే తెలుస్తుంది. ఒడిశాలోని రాయగడలో ఉంటూ విశాఖలో వైద్యం చేయించుకునే మాలాంటివాళ్ళకు డాక్టరు గారు నెలకోసారి కాసేపు దొరుకుతారు. మిగతా రోజుల్లో చేతిలో ఉండేవి ఆ కాగితాలే. అందుకే వాటిని చదవడం నేర్చుకున్నాను.

ఒక రూళ్ళ నోటుబుక్కులో గడులు గీసుకున్నాను: తేదీ, ల్యాబ్ పేరు, ఎం స్పైక్ (జబ్బు పడ్డ ప్లాస్మా కణాలు తయారుచేసే యాంటీబాడీ ప్రొటీన్ రక్తంలో ఎంత ఉందో చెప్పే అంకె), కప్పా, లాంబ్డా (ఆ ప్రొటీన్‌లోని చిన్న ముక్కలు, వీటినే లైట్ చెయిన్లు అంటారు), ఆ రెండింటి నిష్పత్తి, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), కాల్షియం, ప్లేట్‌లెట్లు. ఆఖరి గడిలో, రక్తం ఇవ్వడానికి ముందు రెండు వారాల్లో జ్వరం, జలుబు, విరేచనాలు వచ్చాయా అన్నది రాస్తాను. ఈ గడి చాలా ముఖ్యం. ఇన్ఫెక్షన్ వస్తే కప్పా, లాంబ్డా రెండూ పెరగొచ్చు. రెండూ కలిసి పెరిగి నిష్పత్తి పెద్దగా మారకపోతే అది జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు.

ఎం స్పైక్ లెక్క ఇలా చూడాలి. మొదట్లో డెసిలీటరుకు 4.2 గ్రాములు ఉన్నది 2.1కి దిగితే సగం తగ్గినట్టు, దాన్ని పాక్షిక స్పందన అంటారు. 0.4కి వస్తే 90 శాతం దాటి తగ్గినట్టు, అది చాలా మంచి స్పందన. స్పైక్ కనపడనంత మాత్రాన పూర్తి స్పందన అనరు. ఆ ప్రొటీన్ జాడను ఇంకా సూక్ష్మంగా పట్టే ఇమ్యునోఫిక్సేషన్ పరీక్షలో గీత ఉండకూడదు, మూలుగలో ప్లాస్మా కణాలు 5 శాతం లోపు ఉండాలి.

ఇప్పుడు భయపెట్టే వైపు. 0.4 ఉన్నది 0.6 అయితే సగానికి సగం పెరిగిందని గుండె జారుతుంది. కానీ జబ్బు ముదిరిందనాలంటే, అన్నిటికన్నా తక్కువగా వచ్చిన అంకె మీద 25 శాతం పెరిగితే చాలదు, ఆ పెరుగుదల కనీసం 0.5 గ్రాములు కూడా ఉండాలి. మళ్ళీ పరీక్ష చేసినా అదే రావాలి. 0.6 దగ్గర చేయాల్సింది అదే ల్యాబ్‌లో మళ్ళీ చూపించుకోవడం. నొప్పి, రక్తహీనత, క్రియాటినిన్ పెరగడం లాంటివి తోడైతే మాత్రం ఈ లెక్క కోసం ఆగకూడదు.

కొందరిలో స్పైక్ దాదాపు ఉండదు, లైట్ చెయిన్లే ఉంటాయి. వాళ్ళకు కప్పా, లాంబ్డాలే దారి చూపిస్తాయి. ఎక్కువ ల్యాబులు వాడే పద్ధతిలో నిష్పత్తి 0.26 నుంచి 1.65 వరకు మామూలు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో 3.1 దాకా ఉన్నా జబ్బు వల్లే అనలేం. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు యూనిట్లది. ఒక ల్యాబ్ లీటరుకు 180 మిల్లీగ్రాములని రాస్తే, ఇంకో ల్యాబ్ డెసిలీటరుకు 18 అని రాస్తుంది. రెండూ ఒకటే. పదో వంతుకు దిగిందని సంబరపడి మందు మానేస్తే తేరుకోవడం కష్టం. కిట్ కంపెనీ మారినా అంకె మారుతుంది, కాబట్టి ల్యాబ్ మార్చకండి.

డారాటుముమాబ్ అనే మైలోమా మందు వాడేవాళ్ళు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ మందే ఒక యాంటీబాడీ గనక ఇమ్యునోఫిక్సేషన్‌లో సన్నని కప్పా గీతగా కనపడవచ్చు. జబ్బు మిగిలి ఉందని అప్పుడే నిర్ణయించేయకుండా ల్యాబ్‌కి మందు పేరు చెప్పాలి. రెండోది, రక్తం ఎక్కించాల్సి వస్తే, దాత రక్తం మనకు సరిపడుతుందో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష తికమకపడుతుంది. మందు ఆపిన ఆరు నెలల దాకా ఇలా జరగవచ్చు. మొదటి డోసుకు ముందే పూర్తి బ్లడ్ గ్రూపింగ్ చేయించి, ఆ కాగితం పర్సులో పెట్టుకోవాలి. ఊళ్ళోని బ్లడ్ బ్యాంకుకి అర్ధరాత్రి పరుగెత్తాల్సి వస్తే ఆ కాగితమే ఆదుకుంటుంది.

ఇరవైనాలుగు గంటల మూత్రం సేకరించమంటే, పొద్దున్న మొదటిసారి వచ్చింది పారబోసి ఆ టైము రాయాలి. అక్కణ్ణుంచి మర్నాడు అదే టైముకి వచ్చినదాంతో సహా అంతా ల్యాబ్ ఇచ్చిన క్యాన్‌లో పట్టాలి. మా ఎండలకు క్యాన్‌ని ఐసు పెట్టిన బకెట్‌లో ఉంచాలి. ఒక్కసారి వదిలేసినా లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

డెక్సామెథసోన్ (వైద్యంలో భాగంగా ఇచ్చే స్టెరాయిడ్) వారానికి 40 మిల్లీగ్రాములంటే 4 మిల్లీగ్రాముల బిళ్ళలు పది. పొద్దున్న టిఫిన్ తిన్నాకే వేసుకుంటాను, సాయంత్రం వేసుకుంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. శనివారం వేసుకుంటే ఆదివారం హుషారు, సోమ, మంగళవారాలు నీరసం. బజారు పనులు, ప్రయాణాలు దీన్ని చూసే పెట్టుకుంటాను. సుగర్ ఉన్నవాళ్ళు బిళ్ళలు వేసుకున్న రోజూ, మర్నాడూ సుగర్ తప్పక చూసుకోవాలి.

రోజూ తెల్లవారకముందే మజ్జిగౌరమ్మ గుడి దారిన అరగంట నడక. ఆదివారం అక్కడ జనం ఎక్కువ కాబట్టి ఆ రోజు మేడ మీదే తిరుగుతాను. గ్యాస్ బండ, నిండు బిందె వంగి ఎత్తకూడదు. పలచబడ్డ వెన్నుపూస ఆ బరువుకే కుంగిపోతుంది. వెన్నునొప్పితో పాటు కాళ్ళు మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా అదే రోజు ఎమ్మారై తీయించాలి.

నీళ్ళు రోజుకు దాదాపు మూడు లీటర్లు, చోడి అంబలి, మజ్జిగ అదనం. గుండె జబ్బు ఉన్నవాళ్ళూ, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళూ ఎంత తాగాలో అడిగి తాగాలి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మైలోమావాళ్ళ కిడ్నీలకు శత్రువులు. నొప్పికి పారాసిటమాల్ చాలకపోతే డాక్టరు గారికి ఫోన్ చేయండి, నొప్పి ఇంజక్షన్ మాత్రం పొడిపించుకోకండి. ఎముకల బలానికి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెట్టేముందు పళ్ళు చూపించుకోవాలి. ఆ తర్వాత పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది.

జ్వరం 100.4 దాటితే ఆగకూడదు. మా జిల్లాలో మలేరియా మామూలే, ఆ పరీక్షా చేయించాలి. కానీ దాని రిపోర్టు కోసం కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి తెల్లకణాల పరీక్ష చేయించుకోవాలి. డెక్సా వాడేవాళ్ళకు ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం పైకి తెలియకపోవచ్చు, వణుకు వచ్చినా జ్వరం కిందే లెక్క.

లైట్ చెయిన్ రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుంది. అందుకే అపాయింట్‌మెంట్‌కి పది రోజుల ముందే రక్తం ఇస్తాను, విశాఖ చేరేసరికి అంకె నోటుబుక్కులో ఉంటుంది. ఆసుపత్రిలో రైల్వే రాయితీ ఫారం అడిగి సంతకం, సీలు వేయించుకోండి. వైద్యానికి వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ఉచితం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా వెళ్ళే బండికి తిరుగు టికెట్ కూడా కౌంటర్‌లో అప్పుడే తీసుకుంటాను.