మిల్కీ కాదు, గుంట

సిరిమానోత్సవం అయిన వారానికి మా ఇంటికి పిల్లిపిల్ల వచ్చింది. విశాఖలో ఒక జంతు సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకున్నాం. రెండు నెలల ఆడపిల్ల. ఒళ్లంతా తెలుపు, నడుం మీద మాత్రం కాఫీ ఒలికినట్టు ఒక మచ్చ. పాసింజరు రైల్లో కొత్తవలస దాటేదాకా బుట్టలోంచి అరుస్తూనే ఉంది. ఎదురు సీటావిడ ‘పాపం, కాసిన్ని పాలు పట్టండమ్మా’ అని సలహా కూడా ఇచ్చింది.

టీకా కార్డు మీద దాని పేరు మిల్కీ. అదే కార్డు వెనక ‘పాలు పట్టవద్దు’ అని రాసుంది. నాకు భలే నవ్వొచ్చింది. తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకి పాలలోని లాక్టోజ్ సరిగ్గా అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇది చెబితే మా అత్త నమ్మలేదు. ‘పాలు తాగని పిల్లిని ఈ విజయనగరంలో నేనెక్కడా చూళ్లేదమ్మాయ్’ అంది. ఇష్టంగా తాగడం వేరు, అరగడం వేరు అని సర్దిచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పేరు గొడవ ఇంకోటి. మా పాప లూనా అంది. అత్తకి నోరు తిరగలేదు, పైడమ్మ అని పెడదామంది. రేపు గిన్నె దొర్లించిందని తిడితే అమ్మవారిని తిట్టినట్టవుతుందని మళ్లీ తనే వెనక్కి తీసుకుంది. ఈలోగా రోజుకి నాలుగు పూటలా తిండి పెట్టేది ఆవిడే. ‘ఓసి గుంటా, బేగి రా’ అని కేకేస్తే చాలు (మా వైపు గుంట అంటే ఆడపిల్ల), బీరువా కింద నుంచి పరిగెత్తుకొచ్చేది. లూనా అని మా పాప గొంతు చించుకున్నా చెవి కూడా కదిపేది కాదు. పిల్లులు తమ పేరుని వేరే మాటల నుంచి వేరుగా పోల్చుకోగలవని 2019లో జపాన్ పరిశోధకులు చెప్పారు. పేరు వెనకాలే తిండో, ముద్దో దొరకడం వల్ల అలా అలవాటు అవుతుండొచ్చట. మా ఇంట్లో ఆ తిండి గిన్నె అత్త చేతిలో ఉంది. కాబట్టి గుంటే ఖాయమైంది.

మొదటి వారం కేంద్రంలో తిన్న పిల్లిపిల్లల ప్యాకెట్టు గింజలే పెట్టాం, నీళ్లలో నానబెట్టి. ఒక్కసారిగా తిండి మారిస్తే కడుపు చెడుతుంది. తర్వాత ఉడికించిన కోడిమాంసం, ముళ్లు తీసిన కానాగంత చేప కొంచెం కొంచెం కలిపాం. ఉప్పూ కారం లేవు. ఉల్లి, వెల్లుల్లి అసలు తగలనివ్వం, అవి పిల్లి రక్తకణాలని దెబ్బతీస్తాయి. మన కూరలోంచి ముక్క కడిగి పెట్టినా ప్రమాదమే.

అసలు టెన్షన్ దీపావళి దగ్గర పడ్డాక మొదలైంది. మా ఇంట్లో మంగళవారం నీసు ముట్టరు, కార్తీకమైతే నెల మొత్తం బంద్. పెరుగన్నంతో నెల గడిపేద్దాం అన్నారు మా ఆయన. కుదరదు. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే అందాలి. అది మాంసంలో, చేపల్లో ఉంటుంది, అన్నం పప్పుల్లో దొరకదు. చాలాకాలం అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. ఈ లెక్కంతా అత్త ముందు ఎలా పెట్టాలా అని నేను మాటలు కూడబలుక్కుంటుంటే, ఆవిడ వత్తులు చేసుకుంటూనే తేల్చేసింది: ‘దానికేటి కార్తీకం? అదేటైనా దీపాలెడతాదా?’

ఆవిడ తీర్పు ప్రకారం ప్యాకెట్టు గింజలు నీసు కిందకి రావు, ఎంత చేపల కంపు కొట్టినా. కానాగంతలు మాత్రం పెరట్లో, పాత స్టవ్వు మీద, విడి గిన్నెలో ఉడకాలి. ఆ గిన్నె గుమ్మం దాటి లోపలికి రాకూడదు. మంగళవారాలకీ ఇదే రూలు.

రెండో టీకాకి వెళ్లినప్పుడు కార్డులో పేరు మార్పించాలి. బ్రాకెట్లో లూనా అని కూడా రాయించమని మా పాప ఇంకా పోరుతూనే ఉంది.