స్క్రీన్ మీద నెమలికంఠం, గుడ్డ మీద మరొకటి

నేను డిజైన్ చేస్తున్న బట్టల కలెక్షన్ మొత్తంలో ముచ్చటపడ్డది ఒక్క రంగుకే: నెమలికంఠం. లాప్‌టాప్‌లో అది మెరిసిపోతుంటే చూసి మురిసిపోయి, హెక్స్ కోడ్ (స్క్రీన్ మీది రంగుకుండే నంబర్) కాపీ చేసి, గుడ్డకి రంగద్దే డైయింగ్ యూనిట్‌కి పంపేశాను. వారం తిరిగాక ల్యాబ్ డిప్, అంటే నమూనాగా రంగద్దిన ముక్క, వచ్చింది. అరచేయంత కాటన్ ముక్క, వెలిసిపోయిన యూనిఫాంలా ఉంది.

ఫోన్ చేసి గొడవపడ్డాను. డైయింగ్ మాస్టర్ గారు అంతా విని, "అమ్మా, మీరు చూసేది వెలుతురు. నేను ముంచేది గుడ్డ. ఆ మెరుపు దీనికి రాదు. టీసీఎక్స్ నంబర్ ఉంటే చెప్పండి" అన్నారు.

నా దగ్గర పాంటోన్ (రంగులకు నంబర్లిచ్చే కంపెనీ) నంబర్ ఉంది. కాకపోతే దాని చివర సి ఉంది, అంటే అది నున్నటి కాగితం మీద వేసే ప్రింటింగ్ ఇంకుది. కాటన్‌ది వేరు, దాని చివర టీసీఎక్స్ ఉంటుంది. ఎమరాల్డ్‌నే తీసుకోండి, 17-5641 టీసీఎక్స్. మొదటి రెండంకెలు లేతా ముదురా చెబుతాయి (11 వైపు లేత, 19 వైపు ముదురు), మధ్యవి ఏ రంగో, చివరివి ఎంత గాఢమో. ఇది తెలిశాక కూడా సాఫ్ట్‌వేర్ చూపించిన ‘దగ్గరి షేడ్’ నమ్మి రెండో ల్యాబ్ డిప్ పాడుచేశాను. అది పూర్తిగా నా తప్పే.

దాంతో పని తిరగేశాను. ముందు గుడ్డ, తర్వాతే స్క్రీన్. టీసీఎక్స్ రంగుల కాటన్ స్వాచ్‌లు (నమూనా ముక్కలు) తెప్పించి, రంగులు పోల్చే లైట్ బాక్స్‌లో డీ65 వెలుతురు (పగటి వెలుగు లాంటిది) కింద పరిచాను. ఆ రోజు ఎర్ర చున్నీ వేసుకున్నాను, ప్రతి ముక్కలోనూ ఎర్ర జీర! మర్నాడు బూడిదరంగు కుర్తాతో కూర్చున్నాను. ల్యాబ్ డిప్‌ని నాలుగు మడతలు వేసి చూడాలని కూడా అప్పుడే తెలిసింది. ఒక్క పొరైతే కింద ఉన్న రంగు తొంగిచూస్తుంది. నచ్చిన స్వాచ్ తాలూకు ఎల్-ఏ-బీ విలువలు (రంగుని కొలిచే అంకెలు) ఫైల్‌లో పెట్టి, రంగులు సరిగ్గా చూపేలా మానిటర్ క్యాలిబ్రేట్ చేసుకున్నాను.

మూడోది వచ్చింది. మీటర్‌లో డెల్టా ఈ (రెండు రంగుల మధ్య తేడా) 0.7, కంటికి తేడా దాదాపు తెలియదు. సంబరపడుతూ లైట్ బాక్స్‌లో టీఎల్84 స్విచ్ నొక్కాను, దుకాణాల్లో ఉండే ట్యూబ్‌లైట్ లాంటిది. స్వాచ్ అలాగే ఉంది, నా ముక్క పచ్చబారింది. ఒక వెలుతురులో ఒకేలా ఉన్న రెండు రంగులు మరో వెలుతురులో వేరుగా కనబడటం, అదే మెటామెరిజం, పుస్తకంలో చదివిందే, కళ్ళారా చూడటం అప్పుడే. మాస్టర్ గారు ఈసారి విసుక్కున్నారు గానీ, డైలు మార్చి కొత్త రెసిపీ వేశారు.

నాలుగోది రెండు లైట్ల కిందా నిలబడింది. సంతకం పెట్టి, టెక్ ప్యాక్‌లో (కుట్టేవాళ్ళకిచ్చే వివరాల కాగితాలు) కోడ్ పక్కనే ఆ ముక్కని స్టేపుల్ చేశాను. పాత ఫైల్ తెరిస్తే ఆ నెమలికంఠం ఇంకా అలాగే మెరుస్తోంది. డిలీట్ చేయడానికి మనసొప్పలేదు.