ఎవరి పాలు ఎవరికి

"అమ్మమ్మా, ఇవి ఎవరి పాలు?"

మైలో చాక్లెట్ పొడి కలిపిన పాల గ్లాసు బల్ల మీద అవతలికి తోసేసి మా పెద్దది అడిగిన మాట ఇది. దానికి ఆరేళ్ళు. సింగపూర్‌లో పుట్టి పెరిగింది. నా రెండో పురిటికని నాతోపాటు వచ్చి, అప్పటికి రెండు నెలలుగా విశాఖ ఎంవీపీ కాలనీలో మా అమ్మావాళ్ళింట్లో ఉంటోంది. ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా అడిగిందని ముందు నాకు సంతోషమేసింది. అడిగిందేమిటో తర్వాత ఎక్కింది.

"గేదె పాలే తల్లీ," అంది మా అమ్మ.

"ఏ గేదె?"

"ప్యాకెట్ గేదె. తాగు."

"ప్రామిస్? అమ్మవి కాదు కదా?"

దాని అనుమానానికి కారణం ఉంది. ముందు రోజు పొద్దున్నే మా అమ్మ ఫ్రిజ్‌లోంచి నా పాల సీసా ఒకటి తీసి, స్టీలు గిన్నెలో వంచి, పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చింది. 60 మిల్లీలీటర్లు. "కాచని పాలు పసివాడికెలా పంపుతామే?" అని నన్నే అడిగింది. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి పాలచుక్కనీ కాచిన మనిషి ఆవిడ. నేను ఆ గిన్నె పట్టుకుని వంటింట్లో నేల మీద చతికిలబడి ఏడ్చాను. పెద్దది గుమ్మంలో నిలబడి మొత్తం చూసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తెల్లగా కనబడే దేన్నీ ముట్టలేదు. పెరుగుతో సహా.

చిన్నాడు 34 వారాలకే వచ్చేశాడు, కిలో తొమ్మిది వందల గ్రాములతో. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ కలిపి చెయ్యడం ఆ వయసు పిల్లలకి ఇంకా పూర్తిగా చేతకాదు. అందుకని వాడు ఊరికి అటువైపు ఆసుపత్రిలో ఎన్ఐసీయూ, అంటే పసిపిల్లల ఐసీయూ, అద్దాల వెనక, నేను ఇటు పాలు తీసే పంపు ముందు. మధ్యలో మా నాన్న, ఐసు పెట్టె, ఆటో.

మొదటి రోజు ముర్రుపాలు పంపుకి అందవు. రొమ్ముకి ఆనించే గరాటు అంచులకే అంటుకుపోతాయి. చేత్తో పిండి, సిరంజీతో చుక్క చుక్కా లాగాలి. రెండు మిల్లీలీటర్లు వస్తే ఆ సిరంజీని గుడి నుంచి తీర్థం తెచ్చినట్టు రెండు చేతులతో పట్టుకుని నర్సుకి ఇచ్చాను. ఆ తర్వాత నేను సిరంజీ మర్చిపోయి మిషన్‌నే నమ్ముకున్నాను. సింగపూర్ నుంచి మోసుకొచ్చిన ఖరీదైన డబుల్ పంపు మరి. నాలుగో రోజు పెద్ద వయసు ఆయా ఒకావిడ నా అవస్థ చూసి, "ఏటమ్మా, మొత్తం మిషనుకే వదిలేస్తే ఎలగ? నీ చేతులకేటి రోగం?" అని కసిరింది. పంపు నడుస్తున్నంతసేపూ అరచేత్తో పైనుంచి కిందకి ఎలా నిమరాలో, ఆగిపోయాక చివర్లో చేత్తో ఎలా పిండాలో చూపించింది. ఆ పూట మామూలుకంటే పావు వంతు ఎక్కువొచ్చింది. ఆవిడకి అది వింతేమీ కాదు. నేను మాత్రం మా ఆయనకి ఫోన్ చేసి, నేనే కనిపెట్టినంత గొప్పగా చెప్పాను.

మా ఆయన అక్కడ, నేనిక్కడ. ఆయన గడియారం మాకంటే రెండున్నర గంటలు ముందు. చెయ్యగలిగిన సాయం ఇంకేం దొరక్క ఎక్సెల్ షీటు చేసి పంపారు. తేదీ, టైము, కుడి, ఎడమ, మొత్తం. అంతే, నేను పాలవాడి ఖాతా రాసే మనిషినైపోయాను. రోజుకి ఎనిమిది నుంచి పదిసార్లు తియ్యాలి. రెండు వారాలు నిండేసరికి రోజు మొత్తం 500 మిల్లీలీటర్లు దాటితే ముందు ముందు ఇబ్బంది ఉండదంటారు. నేను పద్నాలుగో రోజు 510 దగ్గర ఆగాను. నవ్వొచ్చేదేమిటంటే, అప్పటికి వాడికి రోజంతా కలిపి పడుతున్నది 300 లోపు. మిగతాదంతా ఫ్రీజర్‌లో గడ్డకట్టుకుపోతోంది. అయినా 510 చాలక ఏడ్చాను. 750 దాటిన తల్లులుంటారని ఎక్కడో చదివాను కదా!

పంపు చప్పుడులో మా అమ్మకి "రామ రామ" అని వినిపిస్తుందిట. పెద్దదానికి "గో హోమ్, గో హోమ్". నాకు "చాలదు, చాలదు".

పాల విషయంలో ఇంట్లో ఎవరి శాస్త్రం వాళ్ళది. మా అమ్మది దిష్టి. సీసాల్లో పాలు పడుతుంటే నలుగురి కళ్ళూ పడకూడదని వాటి మీద పాత చీర ముక్క కప్పేది. నేను విసుక్కుని తీసేసేదాన్ని. కొన్నాళ్ళకి తెలిసిందేమిటంటే, పంపు వాడే తల్లులకి నిపుణులే చెబుతారట, సీసాలకి మేజోళ్ళు తొడిగెయ్యండి, చుక్కలు లెక్కపెడుతూ కూర్చోకండి అని. ఆందోళనగా చూస్తూ కూర్చుంటే పాలని కిందికి దింపే హార్మోను ఆక్సిటోసిన్ సరిగా పనిచెయ్యదు, ఉన్న పాలు కూడా కిందికి దిగవు. అంటే మా అమ్మ చెప్పింది నిజమే, దిష్టి తగులుతోంది. నాదే. ఆ చీర ముక్క మళ్ళీ తెచ్చి కప్పుకున్నాను, ఆవిడ చూడకుండా.

మా నాన్నది సొర శాస్త్రం. తెల్లారకుండా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి పాలసొర పట్టుకొచ్చారు. ఉడికించి, చిదిపి, దండిగా వెల్లుల్లి వేసి వేయించి బాలింతకి పెడతారు ఇక్కడ, పాలు పడతాయని. ఆ చేప పేరే అలా వచ్చిందంటారు. నాకేమో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ జాబితా గుర్తొచ్చింది. పాలిచ్చే తల్లులు తినకూడదని వాళ్ళు చెప్పే చేపల్లో సొర ఉంది, పాదరసం ఎక్కువని. డెబ్భై ఏళ్ళ మనిషి చెమటలు కక్కుతూ సంచీ పట్టుకుని నిలబడి ఉంటే, ఆయనకి పాదరసం మీద క్లాసు పీకాను. ఆయనేమీ అనలేదు. సంచీ అమ్మకిచ్చి బయటికెళ్ళిపోయారు. మధ్యాహ్నం వెల్లుల్లి వాసనకి ఆగలేక ఆ కూరతో రెండు ముద్దలు నేనే తిన్నాను. సాయంత్రం పది మిల్లీలీటర్లు ఎక్కువ పడింది. నేను ఆ పూట గంట ఆలస్యంగా కూర్చున్నాను, అందుకే ఎక్కువొచ్చిందని మా అమ్మకి చెప్పే ధైర్యం లేకపోయింది. మర్నాటి నుంచి సొర మానేసి నెత్తళ్ళకి ఒప్పందం కుదిరింది. మెంతులు, తెలగపిండి కూర, మునగాకు, కాయం అన్నీ తిన్నాను. వాటివల్లే పాలు పెరిగాయని నేను ఒట్టేసి చెప్పలేను. అమ్మ చెయ్యి కడుపు నింపింది, అది మాత్రం చెప్పగలను.

ఇంకో రోజు, ఆసుపత్రిలో చిన్నాణ్ణి నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి కంగారూ కేర్ ఇమ్మన్నారు. అలా వాడి ఒంటి వెచ్చదనం తగిలాక పంపు పెట్టుకుంటే ధార తేడా నాకే తెలిసింది. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ, "కంగారు కేరా? అది నీకు కొత్తగా ఇవ్వక్కర్లేదే," అంది.

సీసాల సంగతీ అంతే. నేను ఆరు సీసాలు తెచ్చుకున్నాను. సిస్టర్ వాటిని చూడనైనా చూడకుండా, "ఉగ్గుగిన్నె తెచ్చుకోండి" అంది. మా అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకు పట్టిన వెండిది బీరువాలోంచి బయటికొచ్చింది. ఇరుకు ముక్కులో మురికి చేరితే కడగడం కష్టం, ఉడికించడానికి వీలైన స్టీలుది కావాలన్నారు. పూర్ణా మార్కెట్లో దొరికింది. పెద్దది దాన్ని చూసి, "టీ పాట్‌కి బేబీ పుట్టింది," అంది.

అదే రోజు అడిగింది. పంపు విడిభాగాలు వేడినీళ్ళలో వేస్తుంటే పక్కన నిలబడి, "అమ్మా, నాక్కూడా ఇలాగే చేశావా?"

"ఆఁ, చేశాను," అన్నాను.

మా అమ్మ కూర తరుగుతోంది. కత్తిపీట మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

అబద్ధం. పెద్దది పుట్టినప్పుడు నాకు ఏమీ తెలియదు. గరాటు సైజు ఉంటుందనే తెలియదు. డబ్బాలో వచ్చిన 24 మిల్లీమీటర్లదే బిగించుకుని, నొప్పిని మాతృత్వం అనుకున్నాను. నాకు సరిపోయేది 21. నొప్పికి భయపడి గంటలు గంటలు ఎగ్గొట్టేదాన్ని. నిండిన పాలు నిండినట్టే ఉంటే ఇక చాలన్న కబురు లోపలికి వెళ్ళిపోతుంది, తయారీ తగ్గిపోతుంది. తోడని చెలమ పూడుకుపోయినట్టే. ఆరో వారంలో పాలపిండి డబ్బా వచ్చింది. మూడో నెలలో నేను ఆఫీసుకెళ్ళేసరికి పాలు పూర్తిగా ఆగిపోయాయి. అది డబ్బా పాలతో బొద్దుగా, ఆరోగ్యంగా పెరిగింది. దానికేమీ లోటు జరగలేదు. ఇది నేను ఎవరికైనా చెప్పగలను, దానికి తప్ప.

ఇక్కడ పాలకీ తెలుగుకీ ముడిపెట్టి ఒక మంచి పేరా రాయొచ్చు. ఉగ్గుపాలతో వచ్చేది భాష, తోడిన కొద్దీ ఊరేది భాష, అలా. రాశాను కూడా. చెరిపేశాను. ఎందుకంటే ఆరేళ్ళపాటు నేను దాని వెంటపడి, శనివారం తెలుగు క్లాసుకి ఈడ్చుకెళ్ళి, "తెలుగులో చెప్పు, తెలుగులో చెప్పు" అని పీడించినా రాని మాటలు, నేను మూడు గంటలకోసారి గదిలో తలుపేసుకుని దాన్ని పట్టించుకోని ఈ రెండు నెలల్లో వచ్చేశాయి. మా అమ్మ దగ్గర, పనిమనిషి దగ్గర, ఎదురింటి పిల్లల దగ్గర. ఇప్పుడు "ఏటి?" అంటోంది. "నాకు తెల్దు" అంటోంది. నేను పంపు పగిలిపోతుందేమోనన్నంత కోపంలో తిట్టేది మాత్రం ఇంగ్లీషులోనే. అది విని మా అమ్మతో, "అమ్మకి తెలుగు రాదా?" అని అడిగిందట.

ఐదో వారం పాలు పడిపోయాయి. చిన్నాడు ఇంటికొచ్చాడు, రొమ్ము దగ్గర నాలుగు గుటకలేసి అలిసి నిద్రపోతున్నాడు, తాగుడు 400కి పెరిగింది, నా షీటులో మొత్తం 510 నుంచి 370కి దిగింది. మా అమ్మ దిష్టి తీసింది. నేను నీళ్ళు తాగడం పెంచాను. దాహానికి మించి తాగితే పాలేమీ పెరగవని తెలిసీ తాగాను. చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ ఒకటే అడిగింది, "రాత్రిపూట తీస్తున్నారా?" లేదు. వాడు ఇంటికొచ్చాడన్న ధీమాతో పది రోజులుగా రాత్రి ఆరేసి గంటలు నిద్రపోతున్నాను. పాలు తయారు చేయించే హార్మోను ప్రొలాక్టిన్ ఎక్కువుండేది ఆ వేళలోనే. ఇంటికొచ్చి పంపు విప్పి చూస్తే పల్చటి రబ్బరు వాల్వు అంచున సన్నటి చీలిక. కనుబొమ్మ వెంట్రుకంత. దానివల్ల పీల్చే బలం సగమైపోయింది. మా అమ్మ పది రోజులుగా దిష్టి తీస్తున్నది ఆ రబ్బరు ముక్కకి.

కొత్త వాల్వులతో మా ఆయనే దిగారు. ఇరవై నిమిషాలు తీసి, పది ఆగి, పది తీసి, పది ఆగి, పది తీసే గంట సేపటి పంపింగు మొదలుపెట్టాను. మూడు రోజులు చేశాను. నాలుగో రోజు అలారం ఆపేసి పడుకున్నాను. మొత్తం మీద 460కి చేరింది. కొత్త తల్లులెవరైనా అడిగితే మూడు గంటలు దాటనివ్వకండి, రాత్రి ఒక్కసారైనా తియ్యండి, వాల్వులు చూసుకోండి, గరాటు కొలిపించుకోండి, ఇక్కడి మే నెల వేడిలో పాలు బల్ల మీద ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి అని గడగడా చెప్పేస్తాను. ఇంత కష్టం అవసరమా అని అడిగితే మాత్రం మాట తడబడుతుంది. ఎవరికోసం చేస్తున్నానో నాకే సరిగా తెలియదు కనక.

మొన్న తెల్లవారుజామున మూడింటికి, లైటు వెయ్యకుండా పంపు పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను, పంపు, దూరంగా బీచ్ రోడ్డు వైపు నుంచి ఏదో లారీ. పెద్దది లేచొచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. చీర ముక్క కొంచెం ఎత్తి చూసి, మళ్ళీ కప్పింది.

"నీతో ఒక అబద్ధం చెప్పాను," అన్నాను. "నీకు ఇలా చెయ్యలేదు. కొంచెమే ఇచ్చాను. తర్వాత డబ్బా పాలు."

"ఎంత ఇచ్చావ్?"

"తెలీదు. రాసుకోలేదు."

అది కాసేపు ఆలోచించింది. నా ఒళ్ళో ఫోన్‌లో షీటు తెరిచే ఉంది, దాని వెలుగు ముఖం మీద పడుతోంది.

"మరి తమ్ముడివి ఎందుకు రాస్తున్నావ్?"