ఎండ్రకాయ వాసన

మా పాపకి తొమ్మిదేళ్ళు. పుట్టింది, పెరుగుతున్నది స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో. నిరుడు ఎండాకాలంలో నార్వే సరిహద్దుకి దగ్గరగా ఉండే షార్నో అనే చోట సముద్రం ఒడ్డున రెండు నత్తగుల్లలు ఏరుకుంది. ఈసారి తిరుపతికి వచ్చేటప్పుడు వాటిని అగ్గిపెట్టెలో దూది పరిచి మరీ తెచ్చింది. బైరాగిపట్టెడలో ఇంటికి చేరి కాళ్ళు కడుక్కోగానే ముందు అవ్వకి చూపించింది.

మా అమ్మ రెండిటినీ అరచేతిలో పెట్టుకుని వెలుగులోకి తిప్పింది. "ఒగటి చెనిక్కాయ గింజంత ఉండాది, ఇంగొగటి కందిగింజంత. తల్లీ బిడ్డామే?"

"కాదవ్వా, రెండూ పెద్దవే. రెండూ ఒకటే జాతి."

నిజమే. లిట్టోరినా సాక్సటిలిస్ అంటారు ఆ నత్తని. ఆటుపోట్ల మధ్య రాళ్ళని పట్టుకుని బతుకుతుంది. బండరాళ్ళ గుట్టల మధ్య ఎండ్రకాయలు తిరుగుతాయి, గుల్లని కొండీతో చిదిమేస్తాయి. అందుకని అక్కడి నత్త పెద్దది, గుల్ల మందం, నోరు ఇరుకు. ముట్టుకుంటే లోపలికి ముడుచుకుని చాలాసేపటికి గానీ బయటికి రాదు. అక్కడికి పదుల అడుగుల దూరంలోనే అలలు కొట్టే నున్నటి కొండరాయి ఉంటుంది. అక్కడ ఎండ్రకాయలు నిలవలేవు, భయమంతా అలతోనే. కాబట్టి అక్కడి నత్త చిన్నది, సందుల్లో ఇమిడిపోతుంది. గుల్ల పలచన, నోరు వెడల్పు, రాయిని పట్టుకునే పాదం పెద్దది. ముట్టుకున్నా తొందరగానే బయటికి వస్తుంది. ఈ నత్త గుడ్లని నీళ్ళలోకి వదలదు, కడుపులోనే పొదిగి బుల్లి నత్తల్ని కంటుంది. పిల్లలు ఎక్కువ దూరం పోవు, పుట్టిన రాతి మీదే పెరుగుతాయి. రెండు చోట్ల మధ్యలో మాత్రం రెండు పోలికలూ కలిసినవి ఉంటాయి.

ఆ మధ్యలో ఉండేవాటి గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. ప్రవాసంలో పిల్లల్ని పెంచేవాళ్ళెవరికైనా అంతేనేమో.

1988లో విషపు నాచు విపరీతంగా పెరిగి అక్కడి చిన్న చిన్న రాతిదిబ్బల మీద నత్తలు చచ్చిపోయాయి. 1992లో కెర్స్టిన్ యోహానెసన్ అనే శాస్త్రవేత్త, అలలు కొట్టే అలాంటి ఒక దిబ్బ మీద ఎండ్రకాయల చోటి నత్తల్ని తెచ్చి వదిలారు. ముప్పై ఏళ్ళలో వాటి సంతానం అలల నత్తల్లాగే మారిపోయింది. ఆ సంగతి 2024లో అచ్చయింది. నన్ను కదిలించింది ఆ మార్పు ఎక్కడినుంచి వచ్చిందన్నది. కొంత పక్క దిబ్బల నత్తలతో కలవడం వల్ల వచ్చింది. కొంత మాత్రం మొదటినుంచీ వాటిలోనే ఉంది, అరుదుగా, పైకి కనిపించకుండా.

అయితే అది తరాల లెక్క. నా బిడ్డకున్నది ఒక్క జన్మ. ఒక్క జన్మలో జరిగే మార్పుని చూపించిన పరీక్ష ఇంకోటుంది, అమెరికాలో మెయిన్ తీరంలో, దీనికి దగ్గరి జాతి నత్తల మీద చేశారు. నత్తల తొట్టిలోకి ఎండ్రకాయ ఉన్న నీళ్ళు పారించారు. ఎండ్రకాయ వాటిని తాకలేదు. ఆ వాసనకే కొన్ని నెలల్లో గుల్లలు మందమయ్యాయి, లోపల ఒళ్ళు మాత్రం తక్కువ పెరిగింది.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పులిహోర గుర్తొచ్చింది.

అక్కడ బడిలో మధ్యాహ్నం తిండి వాళ్ళే పెడతారు. అడవికి నడకకి తీసుకెళ్ళే రోజు మాత్రం ఇంటినుంచి పట్టుకెళ్ళాలి. రెండో తరగతిలో ఒకసారి పాప పులిహోర కావాలంది. పొద్దున్నే లేచి చేశాను. డబ్బా మూత పెడుతూ, "ఇంగువ వాసన వస్తుందేమో నాన్నా, అందరి మధ్య తీయద్దులే, కొంచెం పక్కకెళ్ళి తిను" అన్నాను. డబ్బా సగం కూడా ఖాళీ కాకుండా వచ్చింది. మళ్ళీ ఎప్పుడూ పులిహోర పెట్టమనలేదు, బ్రెడ్ చాలంది. ఎవరైనా ఏమైనా అన్నారా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఎవరూ ఏమీ అనలేదు. అన్నదాన్ని నేనే.

ఇక్కడికొచ్చాకా అంతే. చుట్టాలింటికి బయల్దేరితే ఆటోలోనే మొదలు పెడతాను. ఎడం చేత్తో ఇవ్వద్దు, పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవద్దు, వద్దంటే గట్టిగా కాకుండా మెల్లగా చెప్పు. ఆటో దిగేసరికి పాప నోరు మూతపడి ఉంటుంది. "పాపకి తెలుగు రాదా?" అని వాళ్ళడుగుతారు. ఇంట్లో అవ్వతో గలగలా మాట్లాడే పిల్ల! మర్యాద నేర్పాలి, కాదనను. కానీ నేను నేర్పుతున్నది చాలావరకు నా టెన్షనే.

మొన్న చంద్రగిరి దగ్గర అమ్మవాళ్ళ ఊరికి పోయాం. పాపకి క్రాబ్ అంటే స్వీడిష్‌లో 'క్రాబ్బా' అని తెలుసు, నేను నేర్పిన 'పీత' తెలుసు. "పీత ఏందిమే, ఎండ్రకాయ అను" అంది అమ్మ. "రా, చూపిస్తా."

బోరు నీళ్ళు పారే కాలవ గట్టు మీద బొక్కలున్నాయి. ఇద్దరూ బురదలోకి దిగారు. 'జాగ్రత్త' అనే మాట నా గొంతుదాకా వచ్చింది. అమ్మ జాగ్రత్త అనలేదు. పాప చేతిని తన చేతిలోకి తీసుకుని, "ముందర్నించి పోతే కొండీతో పట్టేస్తాది. ఎనకనించి రావాల. ఈడ, ఈ రెండు ఏళ్ళతో, ఈపు మీద. ఆ, అట్ట" అని చూపించింది.

మొదటిది జారిపోయింది. రెండోది దొరికింది. మోచేతుల దాకా బురదతో దాన్ని పైకెత్తి పట్టుకుని, "అమ్మా, ఎండ్రకాయ!" అని పాప పెట్టిన కేకకి పక్క కయ్యలో కొంగలు లేచిపోయాయి.