ఇందిరమ్మకు ఓటేసినోళ్ళు అమాయకులు కారు

ఏటా జూన్ 25, అంటే 1975లో ఎమర్జెన్సీ పెట్టిన రోజు, దగ్గరపడుతుందంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇందిరా గాంధీ మీద లొల్లి మొదలవుతుంది. 2024లో కేంద్రం ఆ తేదీని 'సంవిధాన్ హత్యా దివస్' (రాజ్యాంగ హత్యా దినం)గా ప్రకటించాక అది ఇంకా ముదిరింది. ఒకాయన ఆమెను దుర్గమ్మ అంటాడు, 1971 యుద్ధం ఫొటోలు పెడతాడు. ఇంకొకాయన నియంత అంటాడు, జైళ్ళ లెక్క తీస్తాడు. ఇద్దరూ ఉన్నదే చెబుతున్నారు. నాకు ఒళ్ళు మండేది మూడో మాట దగ్గర. "1977ల దేశమంతా బుద్ధి చెప్తే మనోళ్ళు మాత్రం ఆమెకే గుద్దిండ్రు, సదువు లేక, తెలివి లేక" అని. ఈసారి ఆ మాట అన్నది మా సొంత మనిషే. అక్కడ నాలుగు ముక్కల్లో జవాబిస్తే సరిపోదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

లెక్క నిజమే. 1977 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లో ఉన్న 85 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో రాజ్‌నారాయణ్ చేతిలో ఆమే ఓడిపోయింది. మన ఉమ్మడి రాష్ట్రంలో మాత్రం 42కు 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఒక్కటి నంద్యాల, అక్కడ జనతా తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, బుల్‌డోజర్లు జనాన్ని తిరగబడేలా చేశాయని, ఇటువైపు ఆ తాకిడి అంతగా లేదని చదువుకున్నవాళ్ళు వివరిస్తారు. ఇక్కడా టీచర్లకు, పట్వారీలకు 'కేసులు' తెమ్మని కోటాలు పెట్టారు, ఆ బాధలు మా ఊళ్ళోనూ ఉన్నాయి. అయినా ఓటు అప్పటి కాంగ్రెస్ గుర్తు ఆవు దూడకే పడింది. ఎందుకు పడిందో మా ఇంట్లోంచే చెప్పగలను.

మాది మెదక్ జిల్లా, జోగిపేట వైపు. మా తాత పటేల్ దగ్గర జీతమున్నాడు. పెద్దత్త పెండ్లికి తెచ్చిన అప్పు కింద చేరాడు. ఏండ్లు గడిచినా అసలు తరగలేదు, ఎంత మిగిలిందో తాతకు ఎవరూ చెప్పలేదు, అడిగితే దెబ్బలు. 1975 అక్టోబరులో వెట్టి చాకిరీ రద్దుచేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది, మరుసటి ఏడు చట్టమైంది. ఎమర్జెన్సీ కాలంలో వచ్చిన చట్టమే అది. చావడి దగ్గర తహసీల్దార్ నిలబడి "ఇగ ఎవరూ అప్పు కింద జీతముండే పని లేదు" అని చదివి వినిపించాడట. మర్నాడు తాత పటేలింటికి పోలేదు. పటేల్ మనుషులు వచ్చి గడప ముందర కేకలేసి వెళ్ళారు. నాయనమ్మ తలుపు మూసి లోపల కూచుంది. తర్వాత మళ్ళీ రాలేదు. పొరుగూళ్ళో ఆ చట్టం కాగితం మీదే మిగిలింది, అదీ చెప్పాలి. మా గడపలో మాత్రం పనిచేసింది.

ఇంటి జాగ పట్టా కూడా ఆ రోజుల్లోదే. ఇందిరమ్మ ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమం కింద ఊరవతల రెండు గుంటలు ఇచ్చారు. నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితం బియ్యం గుమ్మి పక్కన రేకు డబ్బాలో ఉండేది. నాయనమ్మకు చదువు రాదు. కానీ వంకాయ రంగు ముద్ర ఏ మూలనుందో, తన పేరు ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూపించేది. అంతకుముందు మా గుడిసె ఉన్నది పటేల్ జాగలోనే. కోపమొస్తే తీసేయమనేవాడు. ఆ భయం పోయిన మనిషి ఎవరికి ఓటేస్తుంది? ఆ ఓటును తెలివితక్కువ అనే హక్కు, ఒకరి జాగలో బతకని మనకెక్కడిది?

ఇంతవరకు చెప్పి ఆపేస్తే నేనూ సగమే చెప్పినట్టు.

ఎమర్జెన్సీ పెట్టి నెల తిరిగిందో లేదో, 1975 జూలై 25న, ఇదే మెదక్ జిల్లాలో గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రాళ్ళను పోలీసులు కాల్చి చంపారు. అందులో సూరపనేని జనార్దన్ వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. సెన్సార్ ఉంది కనక పేపర్లలో వచ్చింది పోలీసులు చెప్పిన ఎన్‌కౌంటర్ కథ ఒక్కటే. 1977లో మాజీ జడ్జి తార్కుండే కమిటీ ఊరూరూ తిరిగి విచారించి, పట్టుకొచ్చి చెట్లకు కట్టేసి కాల్చారని తేల్చింది. 1975లోనే డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. ఇద్దరూ ఆదిలాబాద్ రైతాంగ ఉద్యమకారులు. దేశమంతటి నుంచీ వేడుకున్నా క్షమాభిక్ష దొరకలేదు.

మా చిన్నాయిన అప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. జనార్దన్ వయసువాడే. గిరాయిపల్లి సంగతి పూర్తిగా తెలిశాక ఇంటికొచ్చి గోడ మీద దేవుళ్ళ పటాల పక్కనున్న ఇందిరమ్మ ఫొటో తీసేయబోయాడు. నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నలుగురు పోరగాళ్ళను చెట్లకు గట్టి కాల్చిండ్రే."

"వాళ్ళ తల్లుల ముందట నేనేం మాట్లాడగల్గుత బిడ్డా. గని నా జాగ గూడ నిజమే గద."

ఫొటో ఉండిపోయింది. చిన్నాయిన ఆ గోడకు వీపు పెట్టి కూచుని తినేవాడు, చివరిదాకా అంతే. చిన్నప్పుడు నాకు ఇదేం పట్టుదల అనిపించేది. ఇప్పుడు చూస్తే, మొత్తం గ్రూపులో కంటే ఎక్కువ నిజాయితీ ఆ ఒక్క గదిలో ఉండేదనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరూ ఎదుటివాళ్ళది అబద్ధమనలేదు.

మా నాయినది ఇంకో కోపం. 1969లో పదో తరగతి పిల్లవాడు, జై తెలంగాణ ఊరేగింపులో పోలీసు లాఠీ తిన్నాడు. 1971లో తెలంగాణ ప్రజా సమితికి ఇక్కడి 14 సీట్లలో 10 ఇచ్చినా ఆమె రాష్ట్రం ఇవ్వలేదు, ఆ పార్టీయే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ విషయం వస్తే నాయిన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. బ్యాంకుల జాతీయకరణ కూడా 1969లోనే. దాని పుణ్యాన ఊరికొచ్చిన బ్యాంకులో బర్రె లోను తీసుకున్నదీ ఆయనే.

ఇక నాతో పనిచేసిన ఒక సిక్కు అక్క ముందు నేను ఆమె పేరు ఎత్తను. 1984 జూన్‌లో స్వర్ణ దేవాలయంలోకి సైన్యం పోవడం, నవంబరులో ఢిల్లీ వీధుల్లో జరిగిన ఊచకోత, ఆ ఇంట్లో రెండూ ఒకే గాయం. అక్కడికి మా పట్టా కాగితం పట్టుకుపోయి వాదించే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా.

"మనోళ్ళు గుడ్డిగా గుద్దిండ్రు" అన్నవాళ్ళకు తర్వాతి కథ కూడా తెలియాలి. 1980లో ఆమె రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ నిలబడింది. జైపాల్ రెడ్డి మీద రెండు లక్షలకు పైగా ఓట్లతో గెలిచి, మెదక్‌నే ఉంచుకుంది. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ చేత ఎన్టీఆర్‌ను దించేయించారని ఊళ్ళన్నీ భగ్గుమన్నాయి, నెల తిరిగేసరికి మళ్ళీ కూచోబెట్టాల్సి వచ్చింది. అక్టోబరు 31న ఆమెను చంపేశారు. నేను ఆరో తరగతి. బడి వదిలేశారు, రేడియోలో రోజంతా విషాద సంగీతమే. మా వాడలో ఆడవాళ్ళు సొంతింట్లో శవం లేచినట్టు ఏడ్చారు.

డిసెంబరులో ఎన్నికలు. దేశమంతా సానుభూతి పోటెత్తి కాంగ్రెస్‌కు 400 దాటాయి. మన రాష్ట్రంలో తెలుగుదేశానికి 30 వచ్చాయి. అందులో ఒకటి మెదక్, ఆమె చనిపోయేనాటికి ఎంపీగా ఉన్న సీటు. ఓటేసొచ్చిన నాయనమ్మను చిన్నాయిన అడిగాడు, "రెండు నెలల కింద గంతగనం ఏడిస్తివి, ఓటు చెయ్యికే ఏసినవా?" అని.

"ఏడ్సుడు ఏడ్సుడే. రెండు రూపాలకు కిలో బియ్యం ఇచ్చినోన్ని దించుతరా? సైకిల్‌కు ఏసిన."